పాత మినీడీవీ డాక్యుమెంటరీ: ఫినిషింగ్‌కి ఏ కోడెక్, దాచుకోడానికి ఏ కోడెక్?

తెప్పకట్టు
నమస్కారమండి అందరికీ. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. 2003, 2004 ప్రాంతంలో విశాఖ పెద జాలరిపేటలోనూ ఫిషింగ్ హార్బర్‌లోనూ తీసిన ఫుటేజ్ నా దగ్గరుంది. కర్ర తెప్పలు తగ్గి ఫైబర్ బోట్లు దిగుతున్న రోజులవి. అంతా మినీడీవీ (చిన్న డిజిటల్ టేపు), పాల్ (మన టీవీ ప్రమాణం, సెకనుకి 25 ఫ్రేములు), 4:3, ఇంటర్లేస్డ్ (ఒక్కో ఫ్రేము బేసి లైన్లు, సరి లైన్లు అని రెండు ఫీల్డులుగా ఉంటుంది). ఓ 40 గంటలుంటుంది. దాంతో పాటు అంతకుముందు వేరేవాళ్ళు తీసిచ్చిన హై8 (పాత అనలాగ్) టేపులు కొన్ని. రఫ్ కట్ దగ్గర ఆగిపోయిన సినిమాని ఇప్పుడు 52 నిమిషాలకి తెచ్చి పూర్తి చేస్తున్నా. ఎడిటింగ్ ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో, విండోస్ మీద.

ఎడిట్ అంతా డీవీ టైమ్‌లైన్‌లోనే ఉంది. చివర్లో ఏ కోడెక్‌కి (వీడియోని కుదించి రాసే పద్ధతి) ఎక్స్‌పోర్ట్ కొట్టాలి: డీవీకేనా, ఎడిటింగ్‌కి వాడే ఆపిల్ వాళ్ళ ప్రోరెస్‌కా, అసలు కుదించని అన్‌కంప్రెస్డ్‌కా? ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తెరుచుకునేలా దాచాలంటే ఏది? ఊళ్ళో ఒక స్టూడియోలో అడిగితే "అన్నీ హెచ్.264 చేసి 4కేకి లేపి ఇచ్చేస్తాం, ఆ టేపులు ఇంకెందుకండీ, పారెయ్యండి" అన్నారు. అక్కణ్ణుంచి నాకు టెన్షన్ పట్టుకుంది.

కట్_టు_కట్
ముందు ఆ టేపుల్ని ఎవరి చేతికీ ఇవ్వకండి. మిగతా సంగతి తర్వాత మాట్లాడదాం.

సరే, ఇప్పుడు మాట్లాడదాం. మీరు ఒకే ప్రశ్న అనుకుంటున్నది మూడు ప్రశ్నలండి. టేపు మీదున్నది ఎలా దాచాలి, కట్ అయిన సినిమా ఏ రూపంలో ఫినిష్ చెయ్యాలి, చూసేవాళ్ళకి ఏది ఇవ్వాలి. మూడింటికీ ఒకే కోడెక్ వెతికితే మూడూ చెడతాయి. మీ స్టూడియోవాళ్ళు చెప్పింది మూడోదానికి మాత్రమే జవాబు. అది కూడా సగమే.

డీవీ 8 బిట్, 25 మెగాబిట్లు, సుమారు అయిదింతల కుదింపు. పాల్‌లో రంగు 4:2:0, అంటే రంగు వివరం వెలుతురు వివరంలో నాలుగో వంతే. కలర్ ముట్టుకోకుండా వట్టి కట్‌లే ఉంటే డీవీకే ఎక్స్‌పోర్ట్ కొట్టొచ్చు, స్మార్ట్ రెండర్ ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ముట్టుకోని ఫ్రేములు ఉన్నవి ఉన్నట్టు కాపీ అవుతాయి. కానీ మీరు కలర్ చేస్తారు, టైటిల్స్ వేస్తారు, డిజాల్వ్‌లు ఉంటాయి. అంటే దాదాపు ప్రతి ఫ్రేమూ విప్పి మళ్ళీ కుదించాల్సిందే. ఆ రెండో కుదింపు డీవీలో జరగనివ్వకండి. ప్రోరెస్ 422 హెచ్‌క్యూకి వెళ్ళండి. ఎస్‌డీ పాల్‌కి అది దాదాపు 60 మెగాబిట్లు, 52 నిమిషాలకి 24 జీబీ లోపు. 2018 చివరి నుంచి ప్రీమియర్ విండోస్‌లో కూడా ప్రోరెస్ రాస్తోంది కాబట్టి మ్యాక్ కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు.

గాజువాక కుర్రాడు
అన్నా ఈ కాలంలో ప్రోరెస్ ఎందుకు, హెచ్.265 పెట్టి బిట్‌రేట్ ఎక్కువిస్తే కంటికి తేడా తెలీదు కదా. ఫైల్ కూడా చిన్నది.

పిక్సెల్ పిచ్చి
కంటికి తెలీదు, తర్వాత వచ్చే ఎన్‌కోడర్‌కి తెలుస్తుంది తమ్ముడూ.

వలలు ఆరబెట్టిన షాట్ ఒకటైనా ఉంటుంది కదా ఆయన ఫుటేజ్‌లో. వెనక తెల్లటి ఆకాశం, ముందు వల కన్నులు. డీవీలో అలాంటి చోట తాళ్ళ చుట్టూ దోమలు ముసిరినట్టు నలుసులు కదులుతుంటాయి. అవి టేపులోనే ఉన్నాయి, మనం పోగొట్టలేం. ఇప్పుడు దీన్ని హెచ్.265కి ఇస్తే ఆ నలుసుల్ని కూడా వివరమే అనుకుని బిట్లు వాటికే ఖర్చు పెడుతుంది, లేదా వలతో కలిపి నున్నగా తుడిచేస్తుంది. దాన్నుంచి మళ్ళీ యూట్యూబ్‌కో డీవీడీకో చేస్తే ఇంకో పొర. ప్రోరెస్ కూడా నష్టం ఉన్నదే, కాకపోతే ఆ బిట్‌రేట్ దగ్గర ఆ నష్టం మీ డీవీ నలుసుల కన్నా బాగా కింద ఉంటుంది. పైగా ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది, పక్క ఫ్రేముల మీద ఆధారపడదు.

10 బిట్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా: మూలం 8 బిట్ అయినా 10 బిట్ ఫైల్‌కే రెండర్ చెయ్యండి. తెల్లవారుజామున సముద్రం మీది ఆకాశాన్ని కొంచెం లాగినా 8 బిట్‌లో మెట్లు పడతాయి. ఎక్స్‌పోర్ట్‌లో మాగ్జిమమ్ బిట్ డెప్త్ టిక్ పెట్టడం మర్చిపోకండి.

ఇంకోటి, చాలామందికి తెలీనిది. ఈ డీవీ కెమెరాలు తెలుపుని దాని ప్రామాణిక హద్దు 235 (మొత్తం 255లో) దగ్గర ఆపవు, దాని పైకి కూడా రాస్తాయి. ఎండలో అల నురగ అంతా ఆ పై భాగంలోనే ఉంటుంది. దారిలో ఏదో ఒక ఎఫెక్ట్ ఆర్‌జీబీకి మార్చి తిరిగి తెస్తే ఆ పైదంతా తెగి నురగ సున్నం పూసినట్టు అయిపోతుంది. వేవ్‌ఫామ్ (వెలుతురు స్థాయిల గ్రాఫ్) తెరిచి చూసుకుంటూ, పైనున్నదాన్ని ముందు కిందికి దించి, ఆ తర్వాతే మిగతా పని చెయ్యండి.

లైనక్స్ మావయ్య
ఫినిషింగ్ సంగతి పైవాళ్ళు చెప్పింది సరే. దాచుకోడం గురించి నేను చెప్తా, ఇది నా పిచ్చి.

టేపులు ముందు. ఫైర్‌వైర్ కేబుల్‌తో డీవీ టేపుని కంప్యూటర్‌లోకి తెచ్చినప్పుడు ఏదీ కొత్తగా ఎన్‌కోడ్ అవ్వదు, టేపు మీద ఉన్న డేటానే డిస్క్ మీదికి వస్తుంది. పాల్‌లో ఫ్రేముకి 1,44,000 బైట్లు, గంటకి 13 జీబీ. మీ 40 గంటలూ కలిపి 520 జీబీ. ఇవాళ రేపు అదో లెక్కా? దాన్ని ముడి డీవీగానే ఉంచెయ్యండి. "ఆర్కైవ్ కదా" అని దాన్ని ప్రోరెస్‌కో లాస్‌లెస్‌కో మార్చకండి. సైజు పెరుగుతుంది, క్వాలిటీ చుక్క కూడా పెరగదు. పైగా డీవీ స్ట్రీమ్ లోపల షాట్ తీసిన తేదీ, టైము ఫ్రేము ఫ్రేముకీ రాసుంటాయి, కెమెరాలో గడియారం సరిగ్గా పెట్టి ఉంటే. డాక్యుమెంటరీకి అంతకన్నా విలువైన సమాచారం ఏముంటుంది? మార్చిన మరుక్షణం అది పోతుంది.

మీరు అప్పట్లో క్యాప్చర్ చేసిన ఫైళ్ళు డీవీయేనా, లేక ఏవీఐ డబ్బాలో డీవీయా, ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూసి చెప్పండి. యూఎస్‌బీ కేబుల్‌తో లాగినవైతే మాత్రం అవి డీవీ అయ్యుండకపోవచ్చు. టేపుల్నుంచి మళ్ళీ తీయాలి.

ఇక కట్ అయిన సినిమాకి, హై8కి: ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే లాస్‌లెస్ కోడెక్, మెట్రోస్కా (ఎంకేవీ ఫైల్) డబ్బాలో. లాస్‌లెస్ అంటే లోపలికి వెళ్ళిన పిక్సెలే బయటికొస్తుంది. ఎవరి సొత్తూ కాదు. 2021లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9043గా వచ్చింది, మెట్రోస్కా 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9559గా వచ్చింది. వియన్నాలో ఆస్ట్రియా వాళ్ళ మీడియాటెక్ (ఆడియో, వీడియో ఆర్కైవ్) ఎన్నో ఏళ్ళుగా వాడుతోంది. లెవెల్ 3 పెట్టి స్లైస్ సీఆర్‌సీ (ఫ్రేములో ముక్కముక్కకీ సరిచూసుకునే అంకె) ఆన్ చెయ్యండి, అప్పుడు రేపు డిస్క్‌లో ఎక్కడో ఒక బిట్ తిరగబడినా ఏ ఫ్రేములో ఏ ముక్క పాడైందో అదే చెప్తుంది. అన్‌కంప్రెస్డ్ ఫైల్‌కి ఆ తెలివి లేదు.

ఎంవీపీ డాబా
మావయ్యా, అన్‌కంప్రెస్డ్‌కి ఒక సుగుణం ఉంది, ఏ కోడెక్ చచ్చినా అది చావదు. క్విక్‌టైమ్ పాత కోడెక్‌లు ఏమయ్యాయో చూశాంగా. 2019లో మ్యాక్ ఓఎస్ కెటలీనా రాగానే సోరెన్సన్, సినీపాక్ ఫైళ్ళు మ్యాక్‌లో తెరుచుకోడం మానేశాయి. విండోస్ క్విక్‌టైమ్‌ని ఆపిల్ 2016లోనే వదిలేసింది.

లైనక్స్ మావయ్య
నిజమే, కానీ ఆ సోరెన్సన్ ఫైళ్ళని ఈరోజుకీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరుస్తోంది, గమనించారా. కంపెనీ వదిలేసినా సోర్స్ కోడ్ ఉన్న చోట బతికింది. నా వాదన కూడా అదే.

సైజు లెక్క చూడండి. 10 బిట్ 4:2:2 (రంగు వివరం సగం) అన్‌కంప్రెస్డ్, 720×576, 25 ఫ్రేములు అంటే గంటకి 100 జీబీకి ఒక పిసరు తక్కువ. 8 బిట్ అయితే 75. మీ 52 నిమిషాలు 10 బిట్‌లో 86 జీబీ. ఎఫ్‌ఎఫ్‌వీ1లో అందులో సగం చుట్టుపక్కల, షాట్‌ని బట్టి ఇంకా తక్కువ. ఒక్క సినిమాకి ఇది పెద్ద తేడా కాదు, ఒప్పుకుంటా. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జేపెగ్ 2000 లాస్‌లెస్‌ని ఎంఎక్స్‌ఎఫ్ డబ్బాలో పెట్టి దాస్తుంది, అది కూడా మంచి దారే కానీ ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాదు.

కట్_టు_కట్
ఎఫ్‌ఎఫ్‌వీ1 చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో నేరుగా తెరుచుకోదు, ప్రీమియర్‌కి అసలు అర్థం కాదు. రేపెవరో ఒక టీవీ చానెల్ రెండు నిమిషాల ముక్క అడిగితే ఈయన మళ్ళీ మార్చుకుంటూ కూర్చోవాలి. అందుకని ప్రోరెస్ కూడా పక్కన ఉంచమంటా. 24 జీబీయే కదా.

లైనక్స్ మావయ్య
రెండూ ఉంచమనే నేనూ అంటున్నా. లాస్‌లెస్‌ని తాళం వేసి పెట్టండి, ప్రోరెస్‌తో రోజువారీ పని చేసుకోండి. ఒక మాట మాత్రం: ఎఫ్‌ఎఫ్‌వీ1ని ప్రోరెస్ నుంచి చేస్తే అది ప్రోరెస్‌కి లాస్‌లెస్ కాపీ, మీ టైమ్‌లైన్‌కి కాదు. ప్రీమియర్ నుంచి ఒకసారి అన్‌కంప్రెస్డ్ 10 బిట్ ఫైల్ (దాని పేరు వీ210) కొట్టి, దాన్నుంచి రెండూ చేసి, ఎఫ్‌ఎఫ్‌వీ1కీ వీ210కీ ఫ్రేము ఎండీ5 (డేటాకి వేలిముద్ర లాంటి అంకె) పోల్చి చూసి, సరిపోయాక వీ210ని తీసెయ్యండి.

తెప్పకట్టు
అందరికీ చాలా థాంక్సండి. మావయ్యగారూ, చూశాను, ఏవీఐలో డీవీయే. కానీ కొన్ని టేపుల ఫైళ్ళలో మధ్యమధ్య చదరపు గళ్ళు పడుతున్నాయి, ఒకట్రెండు చోట్ల ఆడియో కూడా ఠప్పుమంటోంది. అప్పుడలా ఉన్నట్టు గుర్తులేదు. హై8 టేపుల మీద తెల్లటి బూజు లాంటిది కనిపిస్తోంది. వాటిని ప్లేయర్‌లో పెట్టొచ్చా?

పాత టీవీ మెకానిక్
బూజున్న టేపు పెట్టకండి! ఆ టేపు పోవడం అటుంచి, ఆ బూజు హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే మంచి టేపులకి కూడా ఎక్కుతుంది. సముద్రం పక్కన ఊరు, మన గాలిలో తేమకి ఇది మామూలే. వేరే చేసి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచి, టేపు శుభ్రం చేసే మెషీన్ ఉన్నవాళ్ళకి ఇవ్వండి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాలో వెంటనే టేపు వెయ్యొద్దు, లోపల చెమ్మ పట్టి డ్యూ వార్నింగ్ వస్తుంది. గంటో రెండు గంటలో బయట ఉంచి అప్పుడు మొదలెట్టండి.

గళ్ళ సంగతికొస్తే, ముందు క్లీనింగ్ టేపు ఒక పది సెకన్లు తిప్పి మళ్ళీ చూడండి. అప్పుడు వాడిన కెమెరాయే ఇంకా ఉంటే దాంట్లోనే పెట్టండి, ముఖ్యంగా ఎల్‌పీ మోడ్‌లో (టేపుని నెమ్మదిగా తిప్పి ఎక్కువసేపు రాసేది) తీసినవి వేరే మెషీన్లో చాలాసార్లు సరిగ్గా రావు. హై8ని డిజిటల్8 (అదే సైజు టేపు మీద డీవీ రాసే) కెమెరా గుండా లాగితే తేలిగ్గా అయిపోతుంది గానీ అది డీవీగా కుదించేస్తుంది. ఓపికుంటే ఎస్-వీడియో కేబుల్, టీబీసీ (వణికే బొమ్మని నిలబెట్టే సర్క్యూట్) ఉన్న ప్లేయర్, 10 బిట్ క్యాప్చర్ కార్డ్. అక్కడ మావయ్య చెప్పిన ఎఫ్‌ఎఫ్‌వీ1కి నిజంగా పని ఉంది. బొమ్మకి అడుగున చెదిరిపోయిన గీతలు నాలుగైదు కనిపిస్తాయి, పక్కల నల్ల అంచులుంటాయి. దాచే కాపీలో వాటిని కత్తిరించకండి, చూపించే కాపీలో కప్పుకోండి.

లైనక్స్ మావయ్య
గళ్ళున్న టేపుల్ని రెండు మూడుసార్లు, వీలైతే వేర్వేరు కెమెరాల్లో క్యాప్చర్ చెయ్యండి. డీవీరెస్క్యూ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ ఫ్రేము ఏ క్యాప్చర్‌లో బాగుందో చూసి కలిపి ఒకే ఫైల్ చేస్తుంది. పాత మెషీన్ ఒకటి లైనక్స్ వేసి ఫైర్‌వైర్ కార్డుతో పక్కన పెట్టుకోండి. కొత్త మ్యాక్ ఓఎస్‌లో ఫైర్‌వైర్ తీసేశారు కాబట్టి ఈ పని ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఆడియో కూడా చూసుకోండి. కొన్ని టేపులు 12 బిట్, 32 కిలోహెర్ట్జ్‌లో తీసి ఉండొచ్చు, కెమెరా మెనూలో అదీ ఒక ఆప్షన్. టైమ్‌లైన్ 48 కిలోహెర్ట్జ్ కదా, ప్రీమియర్ మార్చేస్తుంది, కానీ పొడుగు షాట్లలో పెదాలు మాటలు కలుస్తున్నాయో లేదో ఒకసారి చూడండి. మాస్టర్‌లో ఆడియో కుదించని పీసీఎమ్‌గానే, ఏఏసీ వద్దు.

పిక్సెల్ పిచ్చి
ఫీల్డ్ ఆర్డర్ గురించి ఎవరూ చెప్పలేదేంటి. డీవీలో కింది ఫీల్డ్ ముందు. మిగతా ఎస్‌డీ పాల్ ఫార్మాట్లలో ఎక్కువ శాతం పై ఫీల్డ్ ముందు. డీవీ నుంచి ప్రోరెస్‌కి వెళ్ళేటప్పుడు సీక్వెన్స్ సెట్టింగ్, ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్ రెండూ కింది ఫీల్డ్ అనే ఉంచండి. తారుమారైతే కదిలే ప్రతిదీ ముందుకీ వెనక్కీ వణుకుతుంది, తెప్ప అల మీద ఎక్కి దిగే షాట్‌లో వెంటనే పట్టుబడుతుంది. కంప్యూటర్ మానిటర్ మీద ఇది సరిగ్గా తెలీదు. ఇంట్లో మూలన పడేసిన డబ్బా టీవీ ఉంటే దాని మీద వేసి చూడండి.

టైటిల్స్ విషయంలో తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక బాధ ఉంది. సన్నటి ఫాంట్ పెడితే తలకట్టు గీత ఒకే లైన్ మీద పడుతుంది. ఆ లైన్ ఒక ఫీల్డ్‌లో ఉండి రెండోదాంట్లో లేకపోతే తలకట్లన్నీ మినుకుమినుకుమంటాయి. వత్తులైతే మరీ ఘోరం, "స్త్ర", "ష్ట్ర" లాంటివి చిన్న సైజులో ముద్దైపోతాయి. లావు ఫాంట్ తీసుకుని, సైజు ఇంగ్లీషు కన్నా పెంచి, నిలువుగా ఒక పిసరు బ్లర్ ఇవ్వండి. ఎర్ర అక్షరాలు వద్దే వద్దు, 4:2:0లో రంగుకి ఉన్న వివరం నాలుగో వంతే, అంచులు కారిపోతాయి. ఇంకో దారి కూడా ఉంది: టైటిల్స్ లేని శుభ్రమైన మాస్టర్ ఒకటి తీసి దాచండి. రేపు హెచ్‌డీ కాపీ చేసినప్పుడు అక్షరాలు హెచ్‌డీలోనే కొత్తగా వేసుకోవచ్చు.

గాజువాక కుర్రాడు
ఓకే కోడెక్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ అప్‌స్కేల్ మీద మీరంతా మరీ పాతకాలంలా మాట్లాడుతున్నారు. 576 లైన్లది యూట్యూబ్‌లో పెడితే దానికి వాళ్ళిచ్చే బిట్‌రేట్ చూశారా? ముద్ద ముద్దగా ఉంటుంది. ఏఐతో లేపితే మా వయసువాళ్ళు కనీసం క్లిక్ చేస్తారు. ఎవరూ చూడని ఒరిజినల్ బీరువాలో ఉండి ఏం లాభం?

కట్_టు_కట్
యూట్యూబ్ బిట్‌రేట్ గురించి నువ్వన్నది నిజం. అందుకు 1440×1080కి మామూలుగా పెంచి పెడితే చాలు. ఏఐ దగ్గరే నాకు పేచీ. ఒక పరిచయస్తుడి ఫుటేజ్‌లో చూశాను, దూరంగా ఒడ్డున నిలబడ్డ మనుషులకి అది కొత్త కళ్ళు ముక్కులు పెట్టింది. వల కన్నులు కొన్ని చోట్ల చతురస్రాలు, కొన్ని చోట్ల గీతలు. పెళ్ళి వీడియోకి సరే అనుకో. డాక్యుమెంటరీలో ఒక మత్స్యకారుడి మొహం ఆయన మొహమే అయ్యుండాలి కదా. ఆ పేటలో వాళ్ళ తాత మొహం వెతుక్కునేవాళ్ళు చూస్తారు దీన్ని.

గాజువాక కుర్రాడు
ఆ మొహం పాయింట్ సరే అన్నా. కానీ డీఇంటర్లేస్ (ఫీల్డుల్ని పూర్తి ఫ్రేములుగా మార్చడం) అయినా మంచిది వాడండి, ప్రీమియర్‌లో ఉన్నది సగం లైన్లు పారేస్తుంది.

పిక్సెల్ పిచ్చి
ఇది కరెక్ట్. క్యూటీజీఎంసీ అనే డీఇంటర్లేసర్ వాడండి, నిదానమే కానీ దాని ఫలితం వేరు. అంత ఓపిక లేకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో బీడబ్ల్యూడిఫ్. 25 ఫ్రేములకి కాకుండా 50కి తియ్యండి, అలల కదలిక టీవీలో చూసినంత సాఫీగా వస్తుంది. హెచ్‌డీకి పెంచేటప్పుడు రంగు మ్యాట్రిక్స్ ఎస్‌డీ ప్రమాణం 601 నుంచి హెచ్‌డీ ప్రమాణం 709కి మారాలి, మార్చకపోతే ఒంటి రంగులు, పచ్చదనం కొద్దిగా జరుగుతాయి. ఇదంతా చూపించే కాపీకే సుమా. మాస్టర్ 720×576 ఇంటర్లేస్డ్‌గానే ఉండాలి. రేపు ఇంతకన్నా మంచి డీఇంటర్లేసర్ వస్తే మళ్ళీ అక్కణ్ణుంచి మొదలెట్టొచ్చు.

ఎంవీపీ డాబా
కోడెక్ మీద ఇంత రాశారు గానీ డిస్కులెన్ని, ఎక్కడెక్కడ అని ఎవరూ అడగలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన వైపు ఇళ్ళలో నీళ్ళు దిగి ఎంతమంది ఆల్బములు, క్యాసెట్లు పోయాయో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండు హార్డ్ డిస్కులు ఒకే బీరువాలో పెడితే అది ఒక కాపీ కిందే లెక్క. ఒకటి ఇక్కడ, ఒకటి హైదరాబాద్‌లోనో రాజమండ్రిలోనో చుట్టాలింట్లో, మూడోది క్లౌడ్‌లో. రెండు డిస్కులు వేర్వేరు కంపెనీలవి కొనండి. ఏడాదికోసారి తెచ్చి ఎండీ5 సరిచూడండి. ఎల్‌టీవో (కంప్యూటర్ డేటా దాచే టేపు) అంటారు గానీ ఒక్క సినిమాకి ఆ డ్రైవ్ ఖరీదు దండగ.

లైనక్స్ మావయ్య
ఒక్క టెక్స్ట్ ఫైల్ కూడా పెట్టండి ఆ డిస్క్‌లో. ఏ టేపు ఎప్పటిది, ఎవరున్నారు, ఏ ఒడ్డు, ఏ కెమెరా, ఎల్‌పీనా ఎస్‌పీనా, మాస్టర్ ఎలా చేశారు. యూనికోడ్ తెలుగులో. పాత అను ఫాంట్లలో టైప్ చేసి పెడితే దాన్ని చదవడానికి ఇంకో చర్చ పెట్టాల్సొస్తుంది.

తెప్పకట్టు
ఇదీ నాకు అర్థమైంది. టేపులు: ముడి డీవీ, ముట్టుకోను, గళ్ళున్నవి మళ్ళీ క్యాప్చర్. హై8: శుభ్రం చేయించి ఎఫ్‌ఎఫ్‌వీ1. సినిమా: వీ210 నుంచి ఎఫ్‌ఎఫ్‌వీ1, ప్రోరెస్ హెచ్‌క్యూ, ఒకటి టైటిల్స్ లేకుండా. రెండో డిస్క్ చెల్లెలింటికి, రాజమండ్రి.

ఇంకొక్క డౌట్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అందరూ ఊళ్ళోనే ఉంటారు. ఆ రోజుల్లో పేటలోనే తెర కట్టి చూపిద్దామని. అద్దె ప్రొజెక్టర్, పెన్ డ్రైవ్. దానికి ఏది ఇవ్వాలి?

కట్_టు_కట్
1920×1080, 50 ఫ్రేములు, హెచ్.264, ఎంపీ4. మీ 4:3 బొమ్మ మధ్యలో 1440 వెడల్పు, రెండు పక్కలా నలుపు ఫైల్‌లోనే వేసేయండి, లేకపోతే అద్దెవాళ్ళు "తెర నిండాలి" అని సాగదీసి తెప్పలన్నీ పడవల్లా చేసేస్తారు. కొన్ని ప్రొజెక్టర్లు పెన్ డ్రైవ్ నుంచి 50 ఫ్రేములు ఆడవు. అందుకని 25ది కూడా ఒకటి వెయ్యండి, ల్యాప్‌టాప్, హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకెళ్ళండి. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, అది కూడా ముందే చూసుకోండి.

పాత టీవీ మెకానిక్
సౌండ్‌కి ప్రొజెక్టర్ స్పీకర్ నమ్ముకోకండి, ఒడ్డున గాలికి ఏమీ వినపడదు. గుడి మైక్‌సెట్ వాళ్ళని అడగండి. ఏ రోజో ఇక్కడ చెప్తే నేనూ వస్తా.